అలాగేనండి అన్న వేసవి

మీ అమ్మాయి ఏం చదువుతోందండీ అని ఎవరైనా అడిగితే మా ఆయనకి వెంటనే దగ్గు వచ్చేది. నిజం దగ్గు కాదు. ఆ దగ్గు తగ్గేలోపు అడిగినవాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోతారని ఆయన ఆశ. ఇంజినీరింగ్ అంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది. నర్సింగ్ అంటే అందరికీ తెలుసు. మా వినీల హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో చదివేది ఫ్రెంచి భాష, బిజినెస్ కలిపి ఒకే డిగ్రీ. ఆ మాట చెప్పగానే వినేవాళ్ళు జాలిగా చూసేవారు, పాపం ఎంసెట్‌లో రాలేదు కాబోలు అన్నట్టు. మా ఆయన ఐజాక్ గారు నరసాపురంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఏ కాగితమైనా ఏదో ఒక ఫైల్లో పెడితే గానీ ఆయనకి నిద్ర పట్టదు. కన్నకూతురి చదువు ఏ ఫైల్లోనూ పట్టక ఏడాదంతా నలిగిపోయారు.

"ఫ్రెంచి అయితే ఫ్రెంచి చదవాలి, బిజినెస్ అయితే బిజినెస్ చదవాలి. మధ్యలో ఈ కలగలుపు ఏంటే?" అనేవారు నాతో.

నాకు మాత్రం ఏం తెలుసు? నేను పదో తరగతితో ఆపేశాను. ఎనిమిదో ఏట మా అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లడం మొదలుపెట్టాను, ఇప్పటికీ అల్లుతూనే ఉన్నాను. మా పేటలో ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళకి దారం పంచడం, వాళ్ళు అల్లినవి పోగుచేసి నరసాపురంలో మురళీకృష్ణ గారి లేసు కంపెనీకి చేర్చడం కూడా నా పనే. ఏసమ్మ చెప్పిందంటే లేసు వేళకి వస్తుందని నాకో పేరుంది. ఆ పేరుకి నీళ్ళొదులుకోవలసినంత పని పోయిన వేసవిలో జరిగింది. అందుకే ఈ కథ.

మే నెల మొదట్లో వినీల మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చింది. వాళ్ళ యూనివర్సిటీలో ఒక నియమం ఉంది. సెలవుల్లో ఆరు వారాలు ఎక్కడైనా పనిచేసి రిపోర్టు రాయాలి. ఆ పనిలో నేర్చుకున్న భాషా ఉండాలి, నేర్చుకున్న వ్యాపారమూ ఉండాలి. హైదరాబాదులో ఎనిమిది కంపెనీలకి రాసిందట, ఒక్కరూ జవాబివ్వలేదు. మొహం వేలాడేసుకుని వచ్చిన పిల్లని ఆ రోజుకైనా వదిలెయ్యచ్చు కదా. ప్రార్థన చేసుకుని భోజనానికి కూర్చున్నామో లేదో మా ఆయన మొదలుపెట్టారు.

"చూడమ్మా, ఆ చదువు దేనికి పనికొస్తుందో ఈ సెలవుల్లో నేను కళ్ళారా చూడాలి. లేదంటే జూన్‌లో ఇక్కడే కాలేజీలో బీకామ్‌కి పెట్టేద్దాం. ఏముంది, ఒక ఏడాది పోతుంది, అంతే కదా."

వినీల పళ్ళెంలోకే చూస్తూ, "అలాగే నాన్నా," అంది. ఆయన తృప్తిగా మజ్జిగ కలుపుకున్నారు.

మూడో రోజున మురళీకృష్ణ గారి దగ్గర్నుంచి ఫోను. "ఏసమ్మా, ఫ్రాన్సు నుంచి ఒకావిడ వస్తున్నారు. చెన్నైలో ఏదో పని ఉండి వచ్చారట, పనిలో పనిగా లేసు అల్లేవాళ్ళని చూస్తామంటున్నారు. ఇంగ్లీషు ఆవిడకీ అంతంతమాత్రం, నాకూ అంతంతమాత్రం. మీ అమ్మాయి చదివేది ఫ్రెంచే కదూ?" అన్నారు. నేను ఫోను పట్టుకునే వీధిలోకి పరిగెత్తి వినీలని కేకేశాను.

మురళీకృష్ణ గారు ఆవిడని వెంటబెట్టుకుని మా పేటకి వచ్చారు. పేరు ఒడీల్. అరవై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, నీలం చొక్కా, ఎండకి కందిపోయిన మొహం. చర్చి వరండాలో కుర్చీ వేస్తే వద్దని మాతోపాటు చాప మీదే కూర్చున్నారు. రెండు కొబ్బరి బోండాలు తాగాక ఊపిరి పీల్చుకుని, ఒక్కొక్కరి చేతిలోని అల్లిక పట్టుకుని చూడడం మొదలుపెట్టారు. ఆవిడ మాట్లాడుతుంటే వినీల తెలుగులో చెప్పేది, మేం మాట్లాడితే ఫ్రెంచిలో చెప్పేది. మొదట్లో మాటలకి తడుముకుంది గానీ, పావుగంట తిరిగేసరికి పిల్ల సర్దుకుంది. మా పేటకల్లా పెద్దావిడ వీరమ్మ మామ్మ ఊరుకుంటుందా, "ఈవిడకి పిల్లలెంతమంది, మనవలెంతమంది, కీళ్ళ నొప్పులకి ఏం రాస్తారో అడగవే," అని ఒకటే గొడవ. వినీల అన్నీ అడిగింది. అన్నిటికీ జవాబులు వచ్చాయి. నేను సూది పక్కన పెట్టేసి నా కూతుర్నే చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి నోట్లోంచి నాకు అర్థం కాని మాటలు అంత అందంగా వస్తుంటే గర్వంగా అనిపించింది, చెప్పుకోడానికి సిగ్గెందుకు.

తర్వాత ఒడీల్ గారు సంచిలోంచి ఒక కాలర్ తీశారు. చొక్కా మెడ చుట్టూ వేసుకునే లేసు కాలర్. పాత నమూనా, చిన్న చిన్న ఆకులు, వాటి అంచున ముత్యాల్లాంటి ముడులు. ఒకటి అల్లడానికి అయిదు రోజులు పడుతుంది. ఆ సంగతి వినీల అక్కడికక్కడే నన్నడిగి తెలుసుకుంది. లాప్‌టాప్‌లో లెక్క కూడా వేసింది. ఇరవై ఎనిమిది మంది, ఒక్కో కాలర్‌కి అయిదు రోజులు, జూలై ఇరవై అయిదు దాకా గడువు. నాలుగు వందల పైచిలుకు వస్తాయని తేల్చింది. లెక్కలో ఏ తప్పూ లేదు.

"నాలుగు వందల కాలర్లు కావాలంటున్నారు. జూలై ఇరవై అయిదుకి. చెయ్యగలరా అని అడుగుతున్నారు," అంది మా అందరితో.

వీరమ్మ మామ్మ కాలర్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఒడీల్ గారి వైపు తిరిగి నవ్వుతూ, "ఆయ్, అలాగేనండి," అంది.

"ఊయ్, మదామ్," అంది వినీల. ఊయ్ అంటే అవును అని.

ఆవిడ పద్ధతైన మనిషి. ఒక్కరు ఒప్పుకుంటే చాలదనుకున్నారేమో, ఒక్కొక్కరి మొహంలోకీ చూసి అడిగారు. అలాగేనండి. ఊయ్, మదామ్. అలాగేనండి. ఊయ్, మదామ్. వరుసలో నా వంతు వచ్చింది. జూలైలో మా పేట ఆడవాళ్ళు ఎక్కడుంటారో, ఏం చేస్తుంటారో నాకన్నా తెలిసినవాళ్ళెవరు? అయినా నేనూ అలాగేనండి అన్నాను. మురళీకృష్ణ గారు పొంగిపోయి ఇంకో గెల బోండాలు దింపించారు.

ఆ తర్వాత నెలరోజులు మా ఇంట్లో పండగలా గడిచింది. వినీల పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఎవరిది ఎంతవరకూ అల్లారో చూసేది, ఫోటోలు తీసేది, మధ్యాహ్నం ఒడీల్ గారికి మెయిలు రాసేది. ఆవిడ జవాబులో తప్పులు దిద్ది పంపేవారట. "అమ్మా, మా మేడమ్ కన్నా ఈవిడే బాగా నేర్పుతున్నారు," అని మురిసిపోయేది. పేటలో పిల్లలు మెర్సీ మెర్సీ అని అరుచుకుంటూ తిరిగారు. మెర్సీ అంటే థాంక్స్ అట. మాకు చర్చిలో ఇద్దరు మెర్సీలున్నారు, తమనే పిలిచారనుకుని వాళ్ళిద్దరూ ఉలిక్కిపడి చూసేవారు. మా ఆయన కూడా సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, "ఏమంటున్నారు మీ ఫ్రెంచి ఆవిడ?" అని అడగడం మొదలుపెట్టారు. దగ్గు కూడా కాస్త తగ్గింది.

కానీ లెక్క చూపిస్తూ వినీల లాప్‌టాప్‌లో గీసే గీతలు నాకూ కనిపిస్తూనే ఉన్నాయి. మే నెలంతా పెళ్ళిళ్ళు. తర్వాత వడగాడ్పులు, చేతులు చెమటలు పట్టి తెల్ల దారం నల్లబడిపోతోంది. జూన్ మధ్యకి రెండు వందలు దాటాల్సినవి నూట ఇరవై దగ్గరే ఉన్నాయి. వినీల, "స్పీడు పెంచాలమ్మా," అంటే, "పెరుగుతుందిలే," అన్నాను. నిజం చెప్పే ధైర్యం లేక కాదు, దాని మొహం చూసి చెప్పబుద్ధి కాలేదు. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలారని మా ఆయన చెప్పి అప్పటికి రెండు వారాలయింది. మా పక్క పొలాల్లో నారుమళ్ళు పచ్చగా లేచాయి.

జూన్ మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే వీరమ్మ మామ్మ మా ఇంటికొచ్చి, సగం అల్లిన కాలరూ, రెండు దారపు ఉండలూ అరుగు మీద పెట్టింది.

"ఏంటి మామ్మా ఇది?" అంది వినీల.

"ఊడుపులు మొదలయ్యాయి కదమ్మా. రేపట్నుంచి నాట్ల ముఠాలో కూలికి వెళ్తున్నాం. మళ్ళీ నాట్లన్నీ అయ్యాకే సూది పట్టేది."

"అందరూనా?"

"ఒంట్లో బాగోనివాళ్ళూ, బాలింతలూ, ఓ ఏడెనిమిది మంది ఉంటారు. మిగతా అందరం వెళ్తాం. ఏటా వెళ్ళేదే కదా."

"సాయంత్రాలు అల్లచ్చు కదా మామ్మా?"

మామ్మ తన రెండు చేతులూ దాని ముందు పెట్టింది. "నాలుగు రోజులు నారు పీకి, బురదలో నాట్లేస్తే ఈ వేళ్ళు పగిలి రంపాల్లా అయిపోతాయి. దారం పట్టుకుంటే పోగులు లేచిపోతాది. అల్లినా ఆ మరకలు వదలవు. చూడ్డానికి తెల్లోళ్ళ లేసులా ఉండదు, మసిగుడ్డలా ఉంటాది."

వినీల మొహం పాలిపోయింది. "మరి ఆ రోజు ఒప్పుకున్నారు కదా, నాలుగు వందలకి?"

"ఎప్పుడు ఒప్పుకున్నాం?" మామ్మకి నిజంగానే అర్థం కాలేదు. "అలాగేనండి అన్నాం, అంతే కదా."

మామ్మ వెళ్ళిపోయాక వినీల నా వైపు తిరిగింది. అంత కోపం దాని కళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. "అమ్మా, నువ్వు కూడా అన్నావు! నీకు తెలుసు కదా!"

"పెద్దావిడ, అంత దూరం నుంచి ఎండలో పడి వచ్చింది. చాప మీద కూర్చుని అడిగింది. మొహం మీద కుదరదని ఎలా అంటామే? అలాగేనండి అంటే మీ మాట విన్నాం, మీరంటే మాకు గౌరవం అని. చేస్తామని కాదు."

"నేను ఇరవై ఎనిమిది సార్లు ఊయ్ అని చెప్పానమ్మా!"

"మొన్న మీ నాన్న బీకామ్ అంటే నువ్వేమన్నావు? అలాగే నాన్నా అన్నావు. చేరతానని అన్నావా?"

వినీల ఆ దారపు ఉండలు చేతిలోకి తీసుకుంది. అరుగు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఏడుపూ నవ్వూ కలిసిపోయి, "ఏడాదంతా ఫ్రెంచి క్రియాపదాలు బట్టీ పట్టాను. పుట్టినప్పట్నుంచీ వింటున్న మాట నాకు తెలియలేదమ్మా," అంది. నాకు గుండె తరుక్కుపోయింది. తప్పు మాది. మోస్తున్నది అది.

మురళీకృష్ణ గారికి ఫోను చేస్తే ఆయన తేలిగ్గా తీసేశారు. "ఇప్పుడేం చెప్పొద్దమ్మాయ్. అంతా బాగా జరుగుతోందని ఓ మెయిలు పడెయ్యి. జూలై చివర్లో వర్షాలనీ కరెంటనీ ఏదో ఒకటి చెప్పుకుందాం. అందరూ చేసేదే." వినీల ఫోను పెట్టేసి, "నేను అలా రాయలేనమ్మా. రాస్తే ఇంక నేను చదివిన రెండిట్లో ఏదీ నాది కాదు," అంది. రేపు మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఉన్నదున్నట్టు చెప్పేస్తానంది.

"అన్నది మేమైతే నువ్వెందుకు చెప్తావు? నేను చెప్తాను," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. "కుదరదండి అని ఫ్రెంచిలో ఏమంటారో నేర్పు."

స నె పా పొసీబ్ల్. నాలుగే ముక్కలు గానీ ఎన్నిసార్లన్నా నాలిక తిరగదు. మర్నాడు పొద్దున్నుంచీ గోంగూర ఒలుస్తూ అదే, అంట్లు తోముతూ అదే. మా ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "ఏంటే ఆ పసీబులు, పసీబులూ? ఏమైనా మంత్రమా?" అన్నారు.

మధ్యాహ్నం రెండింటికి ఒడీల్ గారు తెర మీద కనిపించారు. వాళ్ళకి అప్పుడు పొద్దున్నట, చేతిలో కాఫీ. వినీల నమస్కారాలు చెప్పి, అమ్మ మీతో మాట్లాడుతుందని నన్ను ముందుకి జరిపింది. నేను పమిట సర్దుకున్నాను.

"మదామ్," అన్నాను. "నాలుగు వందలు... స నె పా పొసీబ్ల్."

ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టారు. నవ్వు పోయింది. నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది గానీ, మొదలుపెట్టాను కదా, తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కాలవలకి నీళ్ళు రావడం, ఊడుపులు, పగిలిన వేళ్ళు. వినీల ఒక్క మాటా వదలకుండా చెప్పింది. మధ్యలో ఒక చోట ఆగి, "ఊడుపులకి ఫ్రెంచి మాట రావట్లేదమ్మా," అని, చేత్తో నాటేసి చూపించింది. జూలైకి రెండు వందలు ఇస్తామన్నాను. మిగిలినవి కావాలంటే నాట్లయ్యాక, సెప్టెంబరు చివరికి అన్నాను.

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత నెమ్మదిగా ఏదో అన్నారు. వినీల నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "ఇరవై ఏళ్ళుగా చాలా దేశాల్లో కొంటున్నారట. ఆలస్యం అయిపోయాక ఏదో ఒకటి చెప్పినవాళ్ళే గానీ, ముందుగా కుదరదని చెప్పినవాళ్ళు లేరట. రెండు వందలకి సరే అంటున్నారు. మిగతావి తర్వాత చూద్దాం అంటున్నారు."

"చూద్దాం అంటే ఇంక లేనట్టేనా?" అన్నాను గుసగుసగా.

"వాళ్ళ చూద్దాం అంటే నిజంగా చూద్దామనే అమ్మా," అంది.

ఆ రోజు మీరంతా నాతో అన్న మాట ఏంటని ఆవిడ అడిగారు. వినీల ఆ మాట కథంతా పది నిమిషాలు చెప్పింది. ఒడీల్ గారు పడీ పడీ నవ్వి, "అలాజెనందీ," అని పలికి చూశారు. దాన్ని రిపోర్టులో రాయమని వినీలకి చెప్పారట. అది ఆ రాత్రికే మొదటి పేజీ రాసేసింది.

ఇక్కడితో అంతా బాగైపోయిందని మీరనుకుంటారు. మా ఆయన సంగతి మీకు తెలియదు.

"నాలుగు వందల ఆర్డరు వచ్చింది. పిల్ల మాట్లాడింది. రెండు వందలయింది. ఇదేనా మీ బిజినెస్సు?" అన్నారాయన. "నేనేం కోపంగా అనట్లేదే. కళ్ళారా చూస్తానన్నాను, చూశాను." ఆయన లెక్క ఆయనది. డిగ్రీలో చేరడానికి ఆన్‌లైన్‌లో పెట్టుకునే గడువు జూన్ ఇరవై ఎనిమిది. ఆ తారీఖు ఆయన కాలెండర్లో ఎప్పుడో చుట్టేసి పెట్టుకున్నారు. వినీల వాదించలేదు. నాన్నకి ఎదురు చెప్పడం దానికి నేనెప్పుడూ నేర్పలేదు మరి. రిపోర్టు ముందేసుకుని కూర్చునేది గానీ, పేజీ ముందుకి కదిలేది కాదు.

ఇరవై ఎనిమిదిన మా ఆయన ఆఫీసులో పర్మిషన్ పెట్టి నెట్ సెంటర్‌కి వెళ్ళారు. వినీల కంపెనీకి వెళ్ళింది, ఆరు వారాలు పనిచేసినట్టు మురళీకృష్ణ గారి సంతకం కోసం. నేను ఒక్కదాన్నే వరండాలో కాలర్ అంచు అల్లుతున్నాను. పదకొండింటికి ఫోను మోగింది.

"ఏసమ్మా, నీ ఫోనుకి ఓటీపీ వచ్చిందేమో చూడు. ఇంటర్‌లో నీ నంబరే ఇచ్చాం కదా, దానికే వస్తుందట."

చూశాను. ఆరంకెలు. "వచ్చిందండి."

"ఆ, చదువు."

ఆ అంకెలు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఒక్క గుక్కలో చదివేసి మళ్ళీ సూది అందుకోవచ్చు.

"చదవనండి," అన్నాను.

అవతల ఫాను తిరుగుతున్న చప్పుడు, ఎవరిదో ప్రింటు వస్తున్న చప్పుడు. "ఏంటీ? వినపడలేదు."

"చదవనండి. దానికి ఆ బీకామ్ ఇష్టం లేదు. నాకూ లేదు."

"ఏసమ్మా, వెనకాల జనం ఉన్నారు. చూశావు కదా, ఆర్డరు సగం పోయిందా లేదా?"

"ఆ సగం ఎప్పుడూ లేదండి. లేనిదాన్ని ఉందని చెప్పింది మేము. ఆ మాట అవతలివాళ్ళ భాషలో చెప్పి, రెండు వందలైనా నిలబెట్టింది మన పిల్ల. అదే దాని చదువు."

"ఇంకో రెండు నిమిషాల్లో ఓటీపీ పోతుందట," అన్నారాయన.

"పోనివ్వండి," అన్నాను.

ఫోను పెట్టేసి మళ్ళీ సూది అందుకున్నాను. రెండు మూడు సార్లు కుట్టు తప్పి విప్పాల్సొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయనకి నేను వద్దని చెప్పిన మొదటి మాట అది. భయం వేసింది, సాయంత్రం ఇంటికొస్తే మొహం ఎలా చూపించాలా అని సిగ్గూ వేసింది. అయినా మనసులో హాయిగా ఉంది. ఆ హాయి ఎక్కడిదో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆయన ఆరింటికి వచ్చారు. చేతిలో నేరేడు పళ్ళ పొట్లం. వినీల అరుగు మీద నుంచి లేచి నిలబడింది. అది కూడా పొద్దున్నుంచీ ఆ తారీఖే మోస్తోందని మొహం చూస్తే తెలిసిపోతోంది.

"ఏమైంది నాన్నా?" అంది.

ఆయన పొట్లం నా చేతికిచ్చారు గానీ నా వైపు చూడలేదు. కాళ్ళు కడుక్కున్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తువ్వాలు మొహం మీద ఉండగానే, "సర్వరు పనిచెయ్యలేదమ్మా. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. గడువు కాస్తా అయిపోయింది," అన్నారు.

ఆయన తువ్వాలు తాడు మీద ఆరేసి, మడతలు సరిచేసి, "హైదరాబాదుకి టికెట్టు ఏ తారీఖుకి తియ్యమంటావు?" అని అడిగారు.

"ఎనిమిదికి నాన్నా," అంది వినీల. అంటూనే నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తుకొచ్చి, నేరేడు పళ్ళు కడుగుతున్న నన్ను వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. "సర్వరు ఎంత మంచిదమ్మా!" అంది నా చెవిలో.

అవునే, చాలా మంచిది అన్నాను.